ముందు వరుస

అనంతగిరి కొండ, వికారాబాద్ దగ్గర
జూలై 9

సౌభాగ్య అత్తమ్మా,

ఫోన్లు మేం వచ్చిన రోజే గుంజుకున్నరు. ఆదివారం ఆఫీసు ఫోన్‌ల మాట్లాడనిస్తరు గానీ, వెనకాల అమ్మాయిలంత లైన్ కట్టి చెవులు ఇటే పెడ్తరు. అమ్మ "తిన్నవా బిడ్డా, తిన్నవా" అని అడిగేసరికే టైమ్ ఖతం. గందుకే ఉత్తరం. నవ్వకు. పదిహేడేండ్లకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది.

ముందుగాల మంచి వార్త. నన్ను ముందు వరుసల పెట్టిన్రు!

ఈ రన్నింగ్ క్యాంపుల పొద్దుగాల లేవంగనే కొండ మీదికి పరుగు. ముందు వరుసల ఆరుగురే ఉంటరు. మిగిలినోళ్లు వాళ్ల దుమ్ము తిన్కుంట వెనకాల రావాలె. కామాక్షక్క అని మా సీనియర్ ఉంది, పోయినేడు రాష్ట్ర పోటీలల్ల ఐదు వేల మీటర్లు గెల్చింది. ముందట ఎవరుండాల్నో ఆమెనే చెప్తది. నిన్న అందరి ముందు నా చెయ్యి పట్టి గుంజి తన పక్కన నిలబెట్టుకుంది. అందరు చప్పట్లు కొట్టిన్రు. నా కాళ్లు నేల మీద లేవు అత్తమ్మా! నేను వచ్చి నిండ ఆర్నెల్లు కాలే, కొందరు రెండేండ్ల నుంచి వెనకాలనే ఉన్నరు.

ఎందుకు పెట్టిన్రో మల్ల చెప్త. ఇప్పుడు చెప్ప.

అక్టోబర్‌ల రాష్ట్ర సెలక్షన్ ఉంది. మూడు వేల మీటర్లకు నా పేరు రాసిన్రు. గది గెలిస్తే సౌత్ జోన్. మన నాంపల్లి గల్లీల నుంచి ఇప్పటిదాంక ఎవ్వరన్న పోయిన్రా? నేను పోత. నాన్నకు చెప్పు.

నీ రశ్మి


నాంపల్లి
జూలై 17

నా బంగారు కొండా,

కరెంటు బిల్లు తప్ప ఇంకోటి రాని ఇంటికి చేతిరాత కవర్ వచ్చిందని పోస్ట్‌మ్యాన్‌కే సంబరం. చేతికిచ్చి, నేను విప్పేదాంక పోలే.

ఇగ మా అన్న సంగతి విను. నేను సగం చదివిన్నో లేదో మీ నాన్న ఉత్తరం గుంజుకొని బేగం బజార్ తీస్కపోయిండు. పొద్దుమీకిదాంక దుకాణంల గదే ముచ్చట. బాదం ఎంత అని అడిగినోళ్లకు "మా బిడ్డ ముందు వరుస" అని జవాబు. పక్క దుకాణమాయన నాకు ఫోన్ చేసి, "శ్యామ్‌సుందర్‌కు ఏమైందమ్మా, ఇయ్యాల బేరమే చేస్తలేడు" అన్నడు.

గీయనేనా ఆడపిల్లను కొండల మీద వదిలేసుడేంది అని నెల రోజులు మూతి ముడుచుకున్నది? క్యాంపు కాగితాల మీద సంతకం పెట్టమంటే పెట్టలే, నేను పెట్టిన. పెట్టినంక గూడ షరతు: "ఆరోగ్యం జర అటిటు అయితే తెల్లారే తీస్కొచ్చేస్త, మల్ల పంప." ఇప్పుడు చూడు, ఊరంత దండోరా.

నేను మాత్రం తక్కువ తిన్ననా? ఆబిడ్స్‌ల మా కాలేజీ స్టాఫ్ రూంల అందరికి చెప్పిన. ఇంగ్లీష్ మేడంకు రెండుసార్లు చెప్పినట్టున్న.

గానీ ఎందుకు పెట్టిన్రో చెప్ప అంటవేంది? టైమింగ్ తగ్గిందా? కొండెక్కుడుల ఫస్ట్ వచ్చినవా? ఊరించకు. అంజీర్లు, జీడిపప్పు పంపుతున్న, మీ నాన్న స్వయంగ ఏరి కట్టిండు. దాచుకొని తిను.

నీ అత్తమ్మ


అనంతగిరి
జూలై 28

అత్తమ్మా,

అంజీర్లు చేరినయి. నేను ఒకటి తిని మిగిలినయి వెనక వరుసోళ్లకు పంచేసిన. ముందు వరుసోళ్లం గివన్ని తినం. ఒళ్లు తేలిగ్గ ఉండాలె గద.

సరే, అడిగినవ్ గాబట్టి చెప్తున్న. అమ్మకు చెప్పకు. అమ్మకు చెప్తే నాన్నకు చెప్పినట్టే.

నాకు డేట్ వస్తలేదు. మార్చి నుంచి. పరేషాన్ గాకు, ఈడ గది మంచి సంగతి! డేట్ ఆగిందంటే ఒళ్లు పూర్తిగ పరుగుకు తయారైనట్టు, ఒంట్ల ఫాల్తూ కొవ్వు లేనట్టు. కామాక్షక్కకు రెండేండ్ల నుంచి లేదు, ఎట్ల గెలుస్తదో చూడు. మా కోచ్ వామన్‌రావు సార్‌కు ఆయన గురువు చెప్పిండంట, ఆడపిల్లకు ట్రైనింగ్ పట్టిందో లేదో డేట్ చెప్తదని. సార్ ఎన్నడో ఒకసారి అన్నడు, అప్పటి నుంచి అక్కలు రూల్ పెట్టుకున్నరు. మూడు నెలలు వరుసగ రాకపోతేనే ముందు వరుస. ఎవ్వరు అబద్ధమాడరు. ఎవరికన్న మల్ల వస్తే వాళ్లే గమ్మున వెనక్కి పోయి నిలబడ్తరు. పోయిన వారం ఒకమ్మాయి గట్లనే పోయింది. పోయి ఒకటే ఏడుపు.

నేను ఏడ్వలే, నేను ముందున్న! ప్యాడ్ల గొడవ లేదు, కడుపునొప్పి లేదు. టైమింగ్ గూడ తగ్గింది.

నీకు గర్వంగ లేదా అత్తమ్మా?

రశ్మి


నాంపల్లి
ఆగస్టు 5

రశ్మీ,

నీ ఉత్తరం పైన నా గదిల తలుపేసుకొని చదివిన. మీ అమ్మ కింద నుంచి "బిడ్డ ఏం రాసింది" అని కేక వేసింది. "మంచిగుందంట" అని అబద్ధమాడిన. నాతోటి అబద్ధమాడిపిచ్చినవ్ పోరీ.

నేరుగ చెప్త. గది మెడల్ కాదు. నీ ఒంట్ల ఒక పని ఆగిపోయింది.

ఏటేటా ఈ పాఠం చెప్తున్న. పాఠం మొదలుపెట్టంగనే పిల్లలు తలకాయలు కిందికేస్తరు, ఒకరినొకరు గిచ్చుకుంటరు. నువ్వు గూడ గట్లనే చదివినట్టున్నవ్. ఇప్పుడు తల ఎత్తి విను.

నెలసరి గర్భసంచిల మొదలైతదని అందరనుకుంటరు. అది మొదలయ్యేది తలకాయల. మెదడు అడుగున హైపోథాలమస్ అని చిన్న భాగం ఉంటది, మీ నాన్న దుకాణంల బాదం గింజంత. అది గంటకో గంటన్నరకో ఒకసారి, కింద ఉన్న పీయూష గ్రంథికి హార్మోన్‌తోటి కబురు పంపుతది. ఆ కబురు లయ తప్పకుండ వస్తెనే పీయూష గ్రంథి తన రెండు హార్మోన్లు సరిగ్గ రక్తంలకు వదులుతది, ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అని. ఎఫ్ఎస్‌హెచ్ పోయి అండాశయంల అండాన్ని పెంచుతది. పెరిగే అండం చుట్టున్న కణాలు ఈస్ట్రోజెన్ చేస్తయి. ఈ ఈస్ట్రోజెన్ ఊకె కూసునే రకం కాదు, మల్ల మెదడు దాంక పోయి మాట్లాడ్తది. తక్కువున్నన్ని రోజులు "జర మెల్లగ" అంటది. బాగ పెరిగి రెండు రోజులు గట్లనే నిలబడ్డదనుకో, మాట మారుస్తది, "ఇగ వదులు" అంటది. అప్పుడు ఎల్‌హెచ్ ఒక్కసారిగ పొంగుతది, అండం బయటికొస్తది. అండం విడిచిన జాగనే ప్రొజెస్టెరాన్ తయారైతది, అది గర్భసంచిని సిద్ధంగ ఉంచుతది. గర్భం రాకపోతే రెండు వారాలకు ఆ ప్రొజెస్టెరాన్ పడిపోతది. అప్పుడు నీకు డేట్ వస్తది. మనం చూసేది గీ ఆఖరి పనిని మాత్రమే. పైన గింత నడుస్తది.

మరి నీకెందుకు ఆగింది? నువ్వు ఉరికే ఉరుకుడుకు, తినే తిండి సాలుతలేదు. ఇంట్ల బియ్యం తక్కువైతే మీ అమ్మ ఏం చేస్తది? ఇంట్లోళ్లకు పెట్టి, చుట్టాలను పిలుచుడు బంద్ చేస్తది. నీ మెదడు గూడ గదే చేసింది. గుండె నడవాలె, కాళ్లు నడవాలె, బిడ్డల సంగతి తర్వాత అనుకొని కబురు తగ్గించేసింది. కబురు లేకపోతే ఎల్‌హెచ్ పొంగదు, అండం రాదు, ఈస్ట్రోజెన్ రాదు. గీ ఈస్ట్రోజెనే నీ ఎముకలను గట్టిగ ఉంచేది. నీ వయసుల కట్టుకున్న ఎముకనే జీవితమంత మోస్తది. ఇప్పుడు పలుచబడితే మల్ల నిండుగ రావుడు కష్టం.

థైరాయిడ్ గిట్ల వేరే కారణం గూడ ఉండొచ్చు. అందుకే డాక్టర్ చూడాలె. ఇంకొకటి చెప్పు. ఎముకలల్ల నొప్పి ఉందా?

అత్తమ్మ


అనంతగిరి
ఆగస్టు 18

అత్తమ్మా,

నీ ఉత్తరం చదివిన. క్లాసుల కూసున్నట్టు అనిపిచ్చింది.

నువ్వు ఎన్నడన్న కొండెక్కి ఉరికినవా? నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాంక నడిస్తేనే మోకాళ్లు పట్టుకుంటవ్. కామాక్షక్క రాష్ట్రం గెల్చింది. పుస్తకం కరెక్టయితే ఆమె ఎట్ల గెల్చిందో నువ్వే చెప్పు.

ఎముకలు బాగానే ఉన్నయి. ముందు వరుసలకెల్లి వెనక్కి పోవుడంటే ఏందో నీకు తెల్వదు. అందరు చూస్తరు. సెలక్షన్ అయిపోనీ, మస్తు తింట, అదే వస్తది. అప్పటిదాంక గివన్ని రాయకు, నా దిమాగ్ ఖరాబ్ అయితది.

నాన్నకు చెప్పవు గద?

రశ్మి


ఆబిడ్స్, కాలేజీ స్టాఫ్ రూం
ఆగస్టు 25

రశ్మీ,

మోకాళ్ల సంగతి నిజమే. మా స్టాఫ్ రూంల ఆ ఒక్క లైన్ చదివి వినిపిస్తే ఒకటే నవ్వుడు.

గర్వంగ లేదా అని అడిగినవ్, పోయిన ఉత్తరంల జవాబు మర్చిపోయిన. ఉంది. నువ్వు చిన్నప్పుడు చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద బస్సు తోటి పందెం పెట్టుకొని ఉరికినప్పటి నుంచి ఉంది. ట్రాఫిక్‌ల ఇరుక్కున్న బస్సే అనుకో, అయినా గెల్చినవ్! ఆ కాళ్ల మీద నాకున్న ప్రేమ నీకు గూడ లేదు. అందుకే లొల్లి పెడ్తున్న.

కామాక్షి ఎట్ల గెల్చిందో నాకు తెల్వదు. ఆమె ఎముకలు ఎట్లున్నయో ఆమెకు గూడ తెల్వదు.

నేను నొప్పి ఉందా అని అడిగిన. బాగానే ఉన్నయి అన్నవ్. పరీక్షల గిట్ల రాస్తే నేను సున్నా వేస్త. మోకాలి కింద ముందటి ఎముక మీద బొటనవేలు పెట్టి, పైనుంచి కిందిదాంక నొక్కుకుంట రా. ఒక్క జాగలనే పొడిచినట్టు నొప్పి లేస్తే ఇగ ఒక్క అడుగు గూడ ఉరకొద్దు.

మీ నాన్నకు చెప్ప. మాట మాటే. గానీ కాగితాల మీద సంతకం నాది. వచ్చే నెల పదో తారీఖు లోపల నువ్వే పోయి సార్‌కు చెప్పాలె. లేకపోతే నాంపల్లి స్టేషన్‌ల వికారాబాద్ రైలెక్కి నేనే దిగుత. కొండ గూడ ఎక్కుత, మోకాళ్లు పోతే పోనీ.

అత్తమ్మ


అనంతగిరి
సెప్టెంబర్ 6

అత్తమ్మా,

రైలెక్కకు. చెప్పిన.

నొక్కి చూసుకున్న. ఎడమ కాలు, ఒక్క జాగలనే. నిజం చెప్తున్న, నొక్కకముందే నాకు తెలుసు. జూలై నుంచి ఉంది. మెట్లు దిగేటప్పుడు పళ్లు బిగపట్టుకునేదాన్ని. ముందు వరుసల కుంటితే ఇజ్జత్ పోతదని ఉరికినంత సేపు నవ్వుకుంట ఉరికిన.

పోయిన వారం ఒక పొద్దుగాల అందరం నిలబడ్డం. నేను ముందట నుంచి నడిచి వెనక్కి పోయి నిలబడ్డ. కామాక్షక్క వెనక్కి తిరిగి, "వచ్చిందా?" అన్నది.

"రాలే."

"మరి వెనక్కెందుకు పోయినవ్?"

"రాలే గాబట్టే పోయిన" అన్న.

ఎవ్వరికి సమజ్ గాలే. సార్ వచ్చి ఏంది లొల్లి అన్నడు. చెప్పేసిన. సార్, ఆర్నెల్ల నుంచి డేట్ లేదు, కాలి ఎముక నొస్తుంది, నేను ఉరక. మగాయన ముందట, గంత మంది ముందట, ఆ మాట ఎట్ల వచ్చిందో నాకే తెల్వదు. సార్ మొఖం ఎర్రగైంది. "ఎవరు నేర్పిన్రు గివన్ని?" "మా అత్తమ్మ." "మీ అత్తమ్మ కోచా?" "కాదు సార్, జువాలజీ లెక్చరర్. ఉత్తరం జేబులనే ఉంది, చదవాల్నా?" కోపంగనే, "చదువు" అన్నడు.

కొండ కింద నిలబడి నీ పాఠం మొత్తం చదివిన అత్తమ్మా. హైపోథాలమస్ కాడ నుంచి ఎముకల దాంక. బియ్యం కాడ నవ్విన్రు. ఎముకల కాడ ఎవ్వరు నవ్వలే. ఒక్కరు గూడ తలకాయ కిందికేయలే, నువ్వు చూడాల్సిండె.

అప్పుడు సార్, "మా గురువు చెప్పిండు, నేను నమ్మిన. ఆయనకెవరు చెప్పిన్రో ఎన్నడు అడగలే" అన్నడు. ఆ రోజు పరుగు బంద్. తెల్లారి డాక్టర్ నళిని గారిని పిలిపిచ్చిండు. ముందు వరుసోళ్లందరికి పరీక్షలు.

నా ఎముకల సన్నటి గీత మొదలైందంట. గట్లనే ఉరికితే పగులుతుండె అన్నది డాక్టరమ్మ. ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్, ఈస్ట్రోజెన్ అన్ని అడుగంటినయి. థైరాయిడ్ మంచిగనే ఉంది. మిగిలిన ఐదుగురిది గూడ దాదాపు గదే కథ. కామాక్షక్క తుంటి ఎముక ముసలోళ్ల ఎముక లెక్క ఉందంట. నన్ను తిడ్తదనుకున్న. నీళ్లు తెచ్చియ్యి అన్నది, అంతే.

సెలక్షన్‌ల నా పేరు కొట్టేసిన్రు. నేనే కొట్టేయమన్న. సార్ ఇంటికి ఫోన్ చేస్త అంటే, సంతకం మా అత్తమ్మది, ఆమెకే చేయండి అన్న. నాన్నకు తెలిస్తే నేను మల్ల ఈ కొండ చూడ. ఏం చేయాలె అత్తమ్మా?

రశ్మి


నాంపల్లి
సెప్టెంబర్ 13

రశ్మీ తల్లీ,

సార్ ఫోన్ చేసిండు. మర్యాదగనే మాట్లాడిండు. "మీ అమ్మాయి నా క్యాంపుల నాకే పాఠం చెప్పిందమ్మా" అన్నడు. ఫోన్ పెట్టేసి ఒక్కదాన్నే నవ్విన, ఒక్కదాన్నే ఏడ్చిన.

ఇన్నేండ్లల్ల నా క్లాసుల ఒక్క పిల్ల గూడ లేచి నిలబడి ఆ మాట గట్టిగ అనలే. నువ్వు కొండ కింద, కోచ్ ముందట అన్నవ్. తెల్లారి నేను క్లాసుకు పోయి, ఆ రోజు పాఠం గూడ అదే ఉండె, "మా రశ్మి ఏం చేసిందో చెప్త వినున్రి" అని మొదలుపెట్టిన. పేరు చెప్పినందుకు కోపం తెచ్చుకోకు. చెప్పకుండ ఉండలేకపోయిన.

ఇగ డాక్టరమ్మ చెప్పినట్టు తిను. అన్నం, పప్పు, గుడ్లు, నెయ్యి, మూడు పూటల కాదు, ఆరు పూటల. కాలు కదపకు. మెదడుకు నమ్మకం కుదరాలె, ఇంట్ల బియ్యం ఉన్నయని. ఒక్క రోజుల కుదరదు, నెలలు పడ్తది.

మీ నాన్నకు కాలు నొస్తుందని మాత్రం చెప్పిన. సెలక్షన్‌ల ఉరుకుతలేదని తెలిసి మొఖం చిన్నగ చేసుకుండు. "రమ్మను ఇంటికి" అన్నడు. "ఆడ డాక్టర్ ఉంది, ఈడ నువ్వున్నవ్, ఎవరు నయం?" అన్న. గునుక్కుంట పోయిండు. ఈ అడ్డుకట్ట ఎన్ని రోజులు ఆగుతదో తెల్వదు. నేను చెప్ప అన్న గానీ, ఎప్పుడో ఒకప్పుడు నువ్వు చెప్పాలె. సగం నిజం తోటి పక్కపక్క కూసొని అన్నం తినుడు నాకు సయిస్తలేదు.

అత్తమ్మ


అనంతగిరి
జనవరి 20

అత్తమ్మా,

ఇయ్యాల నాకు ఏం మంచిగ లేదు.

ఎముక అతుక్కుంది, మెల్లగ ఉరకనిస్తున్నరు, నిజమే. ట్రాక్ ప్యాంట్ పట్టదు. అద్దంల మొఖం గుండ్రంగ కనిపిస్తది. నేను తిన్నన్ని గుడ్లు మన ఇంట్ల అందరు కలిసి తినలే. ఇద్దరమ్మాయిలకు నవంబర్‌ల, డిసెంబర్‌ల మల్ల డేట్ వచ్చింది. నాకు రాలే. మూడు వేల మీటర్లల్ల అక్టోబర్‌ల గెల్చిన పిల్ల టైమింగ్ చూసిన. నా జూలై టైమింగ్ కంటే ఎక్కువనే. నేను ఉరికితే గెలుస్తుంటి. ఈ మాట ఎవ్వరికి చెప్పలే, నీకు చెప్తున్న.

మాత్రలు వేసుకుంటే వారంల వస్తదంట, వేసుకోనా అని డాక్టరమ్మను అడిగిన. "మాత్ర తోటి రక్తం వస్తది, నీ మెదడు కబురు పంపినట్టు కాదు. నాకు కావాల్సింది నీ కబురు" అన్నది. నువ్వు గూడ గదే అంటవ్, తెలుసు.

కబురు రాకపోతే? నేను గింత తిని, గింత కూసొని, ఏం లేకుండ అయిపోతే? నాన్న కరెక్టేమో. వచ్చేయనా ఇంటికి?

రశ్మి


నాంపల్లి
జనవరి 27

రశ్మీ,

రాకు.

నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలై మన గల్లీల కాలు పెట్టే జాగ లేదు, నువ్వు వచ్చినా ఇల్లు చేరలేవు. గది ఒక్కటే కారణం కాదనుకో.

గెలుస్తుంటివి. అవును. గెల్చి, సౌత్ జోన్‌ల ఎముక ఇరిగి, స్ట్రెచర్ మీద వస్తుంటివి. నువ్వు పోగొట్టుకున్నది నిజంగనే పెద్దది, నేను చిన్నది అనను. ఏడ్వు, తప్పు లేదు. ఏడ్చి పోయి తిను. నీ అంత గట్టి పిల్లను నేను చూడలే, గీ మాట నీకు నచ్చజెప్పెటందుకు రాస్తలేను.

అత్తమ్మ


అనంతగిరి
ఫిబ్రవరి 4

అత్తమ్మా, అత్తమ్మా, అత్తమ్మా!

వచ్చింది!

నిన్న పొద్దుగాల. కడుపునొప్పి తోటే లేచిన. ముందు సమజ్ గాలే. బాత్రూంల చూసుకొని గోడకు ఆనుకొని నవ్విన. ఉరుక్కుంట మెస్‌కు పోయి, ఉప్మా తింటున్నోళ్ల మధ్యల నిలబడి గట్టిగ చెప్పిన, "నాకు డేట్ వచ్చింది!" వంటామె గరిటె పట్టుకొని బయటికొచ్చింది. అమ్మాయిలు బల్లలు గుద్దిన్రు. కామాక్షక్క వచ్చి గట్టిగ పట్టుకుంది. ఆమెకింక రాలే. "నాది గూడ తోలుకరా" అన్నది నా చెవుల. తర్వాత ఇద్దరం ఏడ్చినం.

వామన్‌రావు సార్‌కు నేనే పోయి చెప్పిన. ఆయన తడబడి, "మంచిది, శుభం" అన్నడు, ఏదో పెండ్లి ముచ్చట చెప్పినట్టు. తర్వాత, "మార్చి ఆఖర్ల ఓపెన్ మీట్ ఉంది, డాక్టర్ సరే అంటే ఉరుకుతవా" అన్నడు. ఉరుకుత! ఆఖరొచ్చినా సరే.

ముందు వరుస రూల్ ఇగ లేదు. నేను సార్‌ను అడిగి తీపిచ్చిన. ఎవరికి ఎక్కడ నిలబడాలనిపిస్తే ఆడ నిలబడ్తరు.

ఇప్పుడు ఒక పని చెప్తున్న. ఈ ఉత్తరం, జూలై నుంచి నేను రాసినయన్ని, నాన్నకు చదివి వినిపియ్యి. దాచకుండ. ఆయన తీస్కపోతనంటే నేను వస్త, వచ్చి ఆయన తోటి కొట్లాడుత. గానీ దొంగతనంగ మాత్రం ఇగ ఉరక.

రశ్మి


నాంపల్లి
ఫిబ్రవరి 11

రశ్మీ, నా తల్లీ,

ముందుగాల నీకు తెల్వని ఒక మాట. డేట్ కథల ఆఖరి పని అని రాసిన గద. అంటే అండం దాదాపు రెండు వారాల కింద బయటికి వచ్చి ఉండాలె. మొదటిసారి అండం లేకుండ గూడ రావొచ్చు, డాక్టరమ్మను అడుగు. గానీ లెక్క సరిగ్గుంటే, "కబురు రాకపోతే" అని నువ్వు ఏడ్చుకుంట నాకు రాసిన రోజులల్లనే నీ ఎల్‌హెచ్ పొంగింది. నువ్వు ఓడిపోయిన అనుకుంటున్నవ్, నీ ఒళ్లు అప్పటికే గెల్చి కూసుంది. గీ లెక్క వేసుకొని రెండు రోజుల నుంచి ఇంట్ల పాటలు పాడుకుంట తిరుగుతున్న. మీ అమ్మకు గూడ అంత చెప్పిన. "నాకెందుకు చెప్పలే" అని నా మీద అలిగి, మల్ల నీ కోసం నువ్వుల లడ్డూలు కట్టింది.

ఇగ మీ నాన్న.

మొన్న మధ్యాహ్నం ఉత్తరాలు పట్టుకొని బేగం బజార్ పోయిన. ఇంట్ల అయితే లేచి పోతడు, దుకాణంల అయితే గల్లా విడిచి యాడికి పోతడు అనుకున్న. గిరాకీ తక్కువుంది, ఒకాయన కిస్మిస్ రుచి చూస్తున్నడు, ఇద్దరు ఆడోళ్లు ఖర్జూరాలు ఏరుతున్నరు. అన్నా, రశ్మి నీకు చదవమన్నది అన్న. గద్దె మీద సర్దుకొని కూసుండు.

జూలై ఉత్తరంల, డేట్ వస్తలేదు అన్న కాడికి వచ్చేసరికి నా గొంతు దానంతట అదే చిన్నగయింది. ఇన్నేండ్ల లెక్చరర్‌ను, క్లాసుల అరిచి చెప్తా, అన్న ముందట నోరు రాలే. ఆడోళ్లు అటు తిరిగిన్రు. మీ నాన్న తరాజు పక్కకు జరిపి, "గట్టిగ చదువు సౌభాగ్యా, వినపడ్తలే" అన్నడు.

గట్టిగ చదివిన. అన్ని చదివిన. కాలు నొప్పి కాడ కండ్లు మూసుకుండు. నువ్వు వెనక్కి పోయి నిలబడ్డ కాడ, "మల్లొకసారి" అన్నడు. మల్ల చదివిన. కిస్మిస్ ఆయన నోట్ల కిస్మిస్ గట్లనే పెట్టుకొని విన్నడు. అయిపోయినంక మీ నాన్న తరాజు మల్ల జాగకు జరిపిండు. తీస్కొస్త అంటడని నేను కొట్లాటకు తయారైన, మాటలు గూడ వెతుక్కున్న.

"నాకు భయమై షరతు పెట్టిన. నా షరతుకు భయపడి బిడ్డ ఇరిగిన కాలు మీద ఉరికింది" అన్నడు. కాగితం అడిగి, నాకు చూపియ్యకుండ రాసి, మడతపెట్టి ఇచ్చిండు. ఇదే కవర్ల పెడ్తున్న. నేను చూడలే అంటే నమ్మవు, చూసిన.

నీ అత్తమ్మ


బేగం బజార్

రశ్మీ బిడ్డా,

అత్తమ్మ అంత చదివింది. నువ్వు తీస్కపో అన్నా నేను తీస్కరాను.

మంచిగ తిను. డాక్టరమ్మ ఉరకమన్నంతనే ఉరుకు. నెలనెల వచ్చిందో లేదో అమ్మకు చెప్పు, నాకు గూడ చెప్పు. సిగ్గుపడకు, నేను గూడ పడ.

మార్చిల మీట్ ఏ ఊర్ల, ఏ తారీఖు, రాయి. దుకాణం బంద్ పెట్టి వస్త.

నాన్న